చుక్కను పట్టించుకోని రోజు

మా శాఖకు ‘లుక్ ఆఫ్టర్’ వచ్చింది.

వచ్చేదాకా అందరికీ బెరుకుగానే ఉంది. ఏ శాఖకు ఏ మాట పడుతుందో ముందుగా తెలియదు. కరెంటు వాళ్లకు ‘స్విచ్ ఆన్’ పడింది. దాని వ్యతిరేకాన్ని వాళ్లు మొదటి పూటే పూర్తిచేసి, అసలు అర్థం దగ్గర ఆగిపోయారు. రోడ్ల శాఖకు ‘డిగ్ అప్’ వచ్చింది. తవ్వడం పథకం రాకముందే అయిపోయింది. పూడ్చడం తెలిసిన ఒకే ఒక్క ఉద్యోగి కిందటేడు రిటైరయ్యాడట. రెవెన్యూ వాళ్లకు ‘పుట్ ఆఫ్’, అంటే వాయిదా వేయడం. వాళ్లు గడువు పొడిగించమని రాసి పంపారు.

వాటితో పోలిస్తే మాది సులువనిపించింది. లుక్ ఆఫ్టర్ అంటే బాగోగులు చూసుకోవడం. రావిగుంట్లపాడు పశువుల ఆసుపత్రిలో నేను సహాయకురాలిని. పశువుల బాగోగులు చూడటం కాక ఆసుపత్రికి వేరే పనేముంటుంది, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంటుంది అనుకున్నాను.

ఈ పథకం ఒక భోజనం దగ్గర పుట్టింది. రాజధానిలో ఒక పెద్ద అధికారి విదేశీ అతిథులతో కలిసి భోంచేస్తూ, వాళ్ల ఇంగ్లీషులో ప్రతి క్రియ పక్కనా ఒక చిన్న మాట తగిలించి ఉండటం, ఆ చిన్న మాట మారినప్పుడల్లా అర్థం మారిపోవడం గమనించారు. మన ఉద్యోగులకు పెద్ద మాటలన్నీ వచ్చు, ఈ చిన్న మాటలే రావు, మన వెనకబాటుకు కారణం ఇదేనని పెరుగన్నంలోకి వచ్చేసరికి ఆయనకు స్పష్టమైంది. చేతులు కడుక్కునేలోగా ‘జంట క్రియల ఆచరణాత్మక అభ్యసన పథకం’ తయారైంది. మేమంతా జంట పథకం అనేవాళ్లం.

పద్ధతి మాత్రం మా చిన్నప్పటి వాచకం పద్ధతే. అర్థం, దాని కింద వ్యతిరేకం. మా ఊరి బడిలో చీకటికి వ్యతిరేకం వెలుగు అని రాస్తే మార్కులు వేసేవాళ్లు. రాసినందుకు దీపం వెలిగించి చూపించమని ఎవరూ అడగలేదు. ఈ పథకం అడుగుతుంది. ఉత్తర్వులో ఇలా ఉంది: “క్రియను కంఠస్థము చేయుట చాలదు. ఒక దినమున అర్థమును, మరొక దినమున వ్యతిరేకార్థమును స్వయముగా ఆచరించి, ఛాయాచిత్రములను యాప్‌లో పొందుపరచవలెను. వ్యతిరేకార్థమును ఆచరించనిచో జ్ఞానము అసంపూర్ణముగా పరిగణింపబడును.”

మా మాటకు అర్థాలు: సంరక్షించు, బాధ్యత వహించు. వ్యతిరేకార్థాలు: నిర్లక్ష్యము చేయు, పట్టించుకొనకుండు, వదలివేయు.

సోమవారం అర్థం. బుధవారం వ్యతిరేకం.

మా ఆసుపత్రి అంటే రెండు గదులు, ముందు రేకుల పంచ, పంచలో పశువును కదలకుండా నిలబెట్టే ఇనప గొట్టాల బోను. మనుషులం ముగ్గురం. డాక్టర్ కోదండపాణి గారు, అటెండర్ దాసు, నేను. డాక్టరు గారి హస్తవాసి మంచిదని చుట్టుపక్కల ఊళ్లన్నీ అంటాయి. ఆ హస్తాన్ని చూసి మాత్రం చాలాకాలమైంది. ఆయనకు మరో రెండు ఆసుపత్రులు ఇన్‌చార్జి ఇచ్చారు. దాంతో మూడు ఆసుపత్రుల పనితీరు గురించి రోజంతా ఫోనులో వీడియో మీటింగులు. ఏ ఆసుపత్రిలోనూ పని చేసే వీలు లేకపోవడంతో ఆ మీటింగుల్లో ఆయన చెప్పే సమాధానాలు కూడా పొట్టిగానే ఉంటాయి.

తిరపతమ్మకు ఆ సంగతి మా అందరికన్నా బాగా తెలుసు. ఊరి చివర పొగాకు కాల్చే బ్యారనీల పక్కన ఆమె ఇల్లు. ఆమెకున్నది ఒకటే గేదె, చుక్క. నుదుటిన తెల్లమచ్చ ఉంటుంది కాబట్టి ఆ పేరు. కిందటిసారి చుక్క ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగింది. డాక్టరు గారు పక్క గదిలోనే ఉన్నారు, కానీ పశువుల ప్రసవాల మీద సమీక్ష జరుగుతోంది. ఆయన ఫోను పెట్టి వచ్చేసరికి దూడ పోయింది. అప్పటినుంచి చుక్క మళ్లీ సూడి కట్టిన రోజు మొదలు తిరపతమ్మ వారం వారం వచ్చి ఒకే ప్రశ్న అడిగేది.

“డాక్టరుగారు ఉండాడా అమ్మాయ్?”

“మీటింగులో ఉన్నారు పెద్దమ్మా.”

“మీటింగులో ఉంటే ఉండట్టా, లేనట్టా?”

దాసు కల్పించుకునేవాడు. “ఉన్నట్టే అనుకోమ్మా. చెప్పులు బయటే ఉన్నయ్‌గా.”

“చెప్పులు నా బర్రెను చూస్తయ్యా ఏందిరా?”

సోమవారం, అర్థం రోజున, ఆమె చుక్కను తోలుకుని వచ్చింది. నెలలు నిండాయి. పొదుగు దిగింది, తోక పక్కన ఎముకల దగ్గర గుంటలు పడ్డాయి. ఆసుపత్రికి మామిడాకులు కట్టి ఉన్నాయి. ‘సంరక్షణ దినము’ అని బ్యానరు. దాసు చుక్క కొమ్ములకు బంతిపూల దండ వేశాడు. చుక్క అందినంత మేర తినేసింది.

“లోపల పిల్ల ఎట్టుందో ఓసారి చెయ్యి పెట్టి చూడయ్యా,” అంది తిరపతమ్మ.

డాక్టరు గారు చొక్కా చేతులు మడిచారు. అప్పుడే ఫోను మోగింది. మా పై అధికారి, అసిస్టెంట్ డైరెక్టర్ శ్రీమన్నారాయణ గారు. మేం ఏడీ గారంటాం. దండ వేశాక తీసి పంపిన మొదటి ఫోటోను యాప్ తిప్పికొట్టిందట.

“కోదండపాణి గారూ, పశువు పట్ల మీ వైఖరిలో ఆప్యాయత లోపించినట్టు యాప్ సూచిస్తున్నది. చెంప మీద చెయ్యి వేసి తీయించండి.”

“నా చెంప మీదనా సార్?”

“గేదె చెంప మీద.”

చెంప మీద చెయ్యి వేసి తీస్తే బ్యానరు సగమే పడింది. బ్యానరు పడితే చుక్క కళ్లు మూసుకుంది. ‘లబ్ధిదారు మెలకువగా లేరు’ అని వచ్చింది. కళ్లు తెరిచిన ఫోటో దొరికేసరికి మధ్యాహ్నమైంది. దానికి ‘ఆప్యాయత చాలదు’ అని వచ్చింది. సాయంత్రానికి డాక్టరు గారు చుక్కను ఎన్నిసార్లు నిమిరారో లెక్కలేదు. లోపల చెయ్యి పెట్టి చూడటానికి మాత్రం తీరిక దొరకలేదు. చివరికి ‘అర్థం: షరతులతో ఆమోదం’ అని యాప్ ఒప్పుకుంది. తిరపతమ్మ మిగిలిన దండ విప్పి దాసు చేతికిచ్చింది.

“నిమరటానికైతే నేను చాలనా,” అని చుక్కను తోలుకుని వెళ్లిపోయింది.

మంగళవారం వ్యతిరేకార్థం మీద శిక్షణ. వీడియో మీటింగే. మా ఫోనులో జిల్లాలోని పశువైద్యులందరి ముఖాలూ గవ్వల్లా కనిపిస్తున్నాయి. డాక్టరు గారు ముందుగా చెయ్యెత్తారు.

“సార్, పట్టించుకోకపోవడమే కాబట్టి, రేపు మేం సెలవు పెట్టుకోవచ్చా?”

ఏడీ గారు జాలిగా నవ్వారు. “అక్కడే మీరు పొరబడుతున్నారు. మీరు లేకపోతే అది గైర్హాజరు. గైర్హాజరు వేరు, నిర్లక్ష్యం వేరు. నిర్లక్ష్యం చేయవలసిన అధికారి ఉదయం తొమ్మిది నుండి సాయంత్రం ఐదు వరకు విధిగా ఆ స్థలమునందు ఉండవలెను. పశువు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండవలెను. చెయ్యి చాచరాదు.”

“వేరే మీటింగులున్నాయి సార్.”

“రేపు ఒక్క మీటింగూ ఉండదు. మీరు ఫోనులో ఉండి పశువును చూడకపోతే అది తీరిక లేకపోవడం అవుతుంది. మనకు కావలసింది తీరిక ఉండి చూడకపోవడం.”

ఎవరో మెట్ట ప్రాంతం డాక్టరు అడిగాడు. “మా దగ్గర మందులే లేవు సార్. వైద్యం చేయకుండా ఉండటం మాకు తేలిక.”

“మందు లేక వైద్యం చేయకపోవడం కొరత. కొరత మన క్రియ కాదు, దాన్ని పౌరసరఫరాల వారికి ఇచ్చారు. అన్ని మందులూ బల్ల మీద ఉండాలి. మీరు వాటిని ముట్టుకోకూడదు. అలాగే నీళ్లు లేక కడగకపోవడం, కరెంటు లేక చూడకపోవడం కూడా చెల్లవు. సామర్థ్యం సంపూర్ణంగా ఉండాలి. సంకల్పం శూన్యంగా ఉండాలి.”

“పశువు ఏదైనా ఫర్వాలేదా సార్?”

“నిజమైన అవసరంలో ఉన్న పశువు కావాలి. ఆరోగ్యంగా ఉన్నదాన్ని పట్టించుకోకపోతే అందులో మన ప్రతిభ ఏమున్నది?” అని, ఏడీ గారు కళ్లజోడు తీసి కెమెరాకు దగ్గరగా వచ్చారు. “చివరిగా ఒక మాట. నిర్లక్ష్యం చేయడంలో ఎటువంటి నిర్లక్ష్యమూ సహింపబడదు.”

ఆ మధ్యాహ్నమే మందుల వ్యాను వచ్చింది. కాల్షియం సీసాలు, ఇంజెక్షన్లు, భుజం దాకా వచ్చే చేతి తొడుగులు, కాన్పు తాళ్లు. వీటన్నిటికీ మేం ఎప్పటినుంచో అర్జీలు పెడుతున్నాం. వ్యాను వెనకాలే కరెంటు మనిషి వచ్చి పంచలో లైటు వేశాడు. బోరు మోటారు బాగయింది. కుళాయి తిప్పితే నీళ్లు దూకాయి. దాసు ఆ కుళాయిని కట్టాడు, తిప్పాడు, మళ్లీ కట్టాడు.

“నా సర్వీసులో ఈ ఆసుపత్రి ఇట్టా ఉండటం ఇదే చూట్టం అమ్మాయ్. రోజూ పట్టించుకోకుండా ఉంటే బాగుండు.”

కబురు ఊళ్లోకి పాకింది. పొద్దు వాలేవేళ తిరపతమ్మ వచ్చింది.

“రేపు డాక్టరు పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఈడనే ఉంటాడంటగా?”

“ఉంటారు పెద్దమ్మా. కానీ రేపు పశువుల్ని చూడకూడదు.”

“మందులుంటయ్యా?”

“ఉంటాయి.”

“నీళ్లు, కరెంటు?”

“అన్నీ ఉంటాయి. ఆయన వాటిని ముట్టుకోకూడదు.”

ఆమె బల్ల మీద వరసగా పెట్టిన సీసాల వైపు కాసేపు చూసింది. “ముట్టుకోకపోతే పోనీలే తల్లీ. మనిషంటూ ఎదురుగా ఉంటాడుగా. పోయినసారి ఆ మాత్రం కూడా లేదు.”

బుధవారం తెల్లారేసరికి ఆసుపత్రి ముందు బారు. గేదెలు, ఆవులు, మేకలు, ఒక కుక్క. ఇంత మంది రైతుల్ని ఒకేసారి అక్కడ నేనెప్పుడూ చూడలేదు. డాక్టరు ఉన్నాడు, మందులున్నాయి అని విన్నారు. మిగతాది వినలేదు, లేదా విని కూడా లక్ష్యపెట్టలేదు.

“నేను ముందొచ్చా. ముందు నా గొడ్డును పట్టించుకోకుండా ఉండాల,” అన్నాడు ఒకాయన.

“నీదానికి ఒట్టి కుంటేగా. నా దూడ పొద్దున్నించి పారుకుంటంది. దీన్ని పట్టించుకోకపోవటం అర్జెంటు,” అన్నాడు ఇంకొకాయన.

దాసు కర్ర పట్టుకుని వరస సరిచేస్తున్నాడు. “ఎవురూ తోసుకోమాకండి. అందర్నీ పట్టించుకోకుండా ఉంటారు. కాస్త ఓపిక పట్టండి.”

ఏడీ గారు జీపు దిగారు. పర్యవేక్షణకు స్వయంగా వచ్చారు. బారంతా చూసుకుంటూ వెళ్లి చుక్క దగ్గర ఆగారు. చుక్క తెల్లవారుజాము నుంచి లేస్తోంది, పడుకుంటోంది, తోక ఎత్తి పెడుతోంది.

“ఇది బాగున్నది. ప్రసవ వేదన. ఇంతకన్నా స్పష్టమైన అవసరం దొరకదు,” అన్నారు. మిగిలిన వాళ్లను వెళ్లిపొమ్మన్నారు. ఎవరూ వెళ్లలేదు. రోడ్డుకు అవతల చెట్ల కింద కూర్చున్నారు.

పంచలో పరిచిన గడ్డి మీద చుక్క. చెయ్యి చాస్తే అందేంత దూరంలో కుర్చీ. కుర్చీలో డాక్టరు గారు. ఆయనకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో బల్ల, మందులు. ఏడీ గారు తన ఫోనులో యాప్ తెరిచి గంట గంటకూ దానంతటదే ఫోటో తీసేట్టు పెట్టారు. మొదటి ఫోటో తిరిగి వచ్చింది. ‘అధికారి ముఖంలో ఆందోళన ఉన్నది. మళ్లీ ప్రయత్నించండి.’

“కోదండపాణి గారూ, అలా గేదెకేసి చూడకండి. ఈ పేపరు చదువుతూ ఉండండి.”

డాక్టరు గారు పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ముఖం కనిపించకపోవడంతో యాప్ సరేనంది.

ఒక గంట గడిచింది. పేపరు కదల్లేదు.

“పేజీ తిప్పండి సార్,” అన్నాడు దాసు మెల్లగా. “ఫోటోలన్నీ ఒకటే మాదిరి వస్తన్నయ్.”

ఆయన తిప్పారు. ఉమ్మనీరు సంచి పగిలింది. చుక్క మెడ చాచి ముక్కింది. వెనక ఒక గిట్ట కనిపించింది. తెల్లగా, మెత్తగా. ఎంతసేపు చూసినా రెండోది రాలేదు.

పేపరు వెనకనుంచి గొంతు వచ్చింది. “ఒకటే గిట్ట వచ్చిందా?”

ఏడీ గారు వేలెత్తారు. “విచారించరాదు.”

“నేను విచారించలేదు సార్. పేపర్లో ఉంది.”

చుక్క మళ్లీ ముక్కింది. గిట్ట కొంచెం ముందుకొచ్చి వెనక్కి పోయింది. రోడ్డు అవతల కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. తిరపతమ్మ డాక్టరు గారిని ఒక్క మాటా అడగలేదు. వెళ్లి చుక్క తల దగ్గర గొంతుక్కూర్చుని, దాని చెవి పట్టుకుని, దానితోనే మాట్లాడటం మొదలుపెట్టింది.

“ఆయనకేసి చూడమాకే తల్లా. ఆయన్ని ఇబ్బంది పెట్టమాక. పోయినసారి నీ బిడ్డ పోయేటప్పుడు ఆయన గోడవతల ఫోనులో ఉండాడు. ఈసారి కుర్చీలో ఉండాడు. కాస్త దగ్గరికే వచ్చాడుగా. నువ్వు ఈసారికి ఎట్టనో ఒకట్ట కానెయ్యి. వచ్చేసారికి ఇంకాస్త దగ్గరికొస్తాడు.”

పేపరు నెమ్మదిగా కిందికి దిగింది. డాక్టరు గారు దాన్ని నాలుగు మడతలు పెట్టి కుర్చీలో ఉంచారు. చేతి గడియారం విప్పి నాకిచ్చారు. చొక్కా విప్పి దాసుకిచ్చారు. కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బుతో మోచేతుల పైదాకా రుద్దుకోసాగారు.

“కోదండపాణి గారూ,” అన్నారు ఏడీ గారు. “ఇంకా మధ్యాహ్నమైనా కాలేదు. ఐదింటి దాకా కొనసాగవలసి ఉన్నది.”

“దాసూ, తాళ్లు నీళ్లలో మరగనిచ్చావా?”

“పొద్దున్నే మరగబెట్టా సార్. ముట్టుకోకూడదన్నారు గానీ మరగబెట్టకూడదన్లేదుగా.”

“ఇది వ్యతిరేకార్థ ఉల్లంఘన,” అన్నారు ఏడీ గారు. “నేను నమోదు చేయవలసి వస్తుంది.”

డాక్టరు గారు తొడుగు వేసుకుని గడ్డిలో బోర్లా పడుకున్నారు. చెయ్యి భుజం దాకా లోపలికి వెళ్లింది. చెంప చుక్క తొడకు ఆనించి, కళ్లు మూసుకుని వెతుకుతున్నారు. సోమవారం ఎన్ని ఫోటోలు తీసినా రాని ముఖం అది.

“తల తిన్నగానే ఉంది. ఎడమ కాలు మోకాలి దగ్గర మడత పడింది.” చెయ్యి ఇంకాస్త ముందుకు జరిపి, “నోట్లో వేలు పెడితే చప్పరించింది,” అన్నారు.

తిరపతమ్మ చుక్క చెవి వదల్లేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దూడను వెనక్కి నెట్టి, గిట్టను అరచేత్తో కప్పి, గర్భసంచికి గీసుకోకుండా ముందుకు తేవాలి. చుక్క ముక్కినప్పుడల్లా ఆయన చెయ్యి నలిగిపోతోంది. పళ్లు బిగించి ఆగి, నొప్పి తగ్గినప్పుడు మళ్లీ కదిలిస్తున్నారు. చాలాసేపటికి రెండో గిట్ట బయటికి వచ్చింది. రెండు కాళ్లకూ తాళ్లు వేశారు. దాసు ఒక తాడు పట్టుకుని బలంగా లాగాడు.

“అట్టా కాదయ్యా,” అన్నారెవరో కోపంగా. “గేదె ముక్కినప్పుడు లాగాలి. ఊరికే లాగితే చీరుకుపోతుంది. కిందికి, కిందికి లాగు.”

అన్నది ఏడీ గారు. ఆయన కూడా ఒకప్పుడు పశువైద్యులే. ఆ సంగతి మాకే కాదు, ఆయనకూ గుర్తున్నట్టు లేదు అంతవరకూ. ఫోను నా చేతిలో పెట్టి, రెండో తాడు అందుకుని, దాసు పక్కన గడ్డిలో కూర్చుని కాళ్లు తన్నిపెట్టారు. “ఆగు... ఆగు... ఇప్పుడు లాగు,” అంటున్నారు. ఆ మాటల్లో ఒక్క ‘వలెను’ లేదు.

తల వచ్చింది. భుజాలు వచ్చాయి. ఆ తర్వాత దూడంతా ఒక్కసారిగా జారి ఏడీ గారి ఒళ్లో పడింది. డాక్టరు గారు ముక్కులోంచి జిగురు లాగేసి, గడ్డితో ఒళ్లంతా రుద్దారు. అది కదల్లేదు. మళ్లీ రుద్దారు. దూడ తుమ్మింది.

“పడ్డే,” అన్నాడు దాసు. ఆడదూడ. నుదుటిన తెల్లమచ్చ.

సరిగ్గా అప్పుడే నా చేతిలోని ఫోను టక్కుమంది. గంట అయింది. యాప్ దానంతటదే ఫోటో తీసి పంపించేసింది. ఒంటినిండా ఉమ్మనీరు, నెత్తురు, గడ్డి పోచలతో ఇద్దరు అధికారులు, మధ్యలో దూడ. కింద అక్షరాలు వచ్చాయి. ‘ఆప్యాయత: సంపూర్ణము. గమనిక: ఈ దినము వ్యతిరేకార్థము కొరకు కేటాయించబడినది.’

ఏడీ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి చదివారు. “తీసేసే వీలుందా అమ్మా?” అని అడిగారు.

“లేదండీ. వెళ్లిపోయింది.”

ఆయన బండ మీద కూర్చుని దూడ లేచి నిలబడటానికి చేసే ప్రయత్నాలన్నీ పూర్తయ్యేదాకా చూశారు. ఈలోగా చెట్ల కిందున్న వాళ్లంతా బారు తీరారు. డాక్టరు గారు పొద్దుగూకేదాకా అందర్నీ చూశారు. కుక్కను కూడా.

మా అర్జీలకు ఏళ్లు పట్టే జవాబు, ఈ విషయంలో మర్నాడు పొద్దున్నే వచ్చింది. జిల్లాలో అన్ని ఆసుపత్రులూ నిర్లక్ష్యంలో ఉత్తీర్ణమయ్యాయి. చాలామంది కిందటి నెల ఫోటోలే పంపారట, తేడా తెలియలేదు. మాదొక్కటే తప్పింది. సంజాయిషీ అడిగారు. డాక్టరు గారు వెంటనే రాసిచ్చారు. “ఆ దినమున నాకు అప్పగించిన విధి నిర్లక్ష్యము చేయుట. ఆ విధిని నేను నిర్లక్ష్యము చేసితిని. కావున కార్యక్రమము మా ఆసుపత్రియందు మిగతావాటికన్న ఎక్కువగా అమలైనదని మనవి.”

దీని మీద పైన ఒక పూట చర్చ జరిగింది. తప్పు ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు కాబట్టి తర్కం ఆమోదయోగ్యం కాదని తేల్చారు. సిబ్బంది అందరూ, పర్యవేక్షణాధికారితో సహా, మర్నాడే జిల్లా కేంద్రంలో ‘నిర్లక్ష్య నైపుణ్య’ శిక్షణకు హాజరు కావాలి.

పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే మందుల వ్యాను మళ్లీ వచ్చింది. ఆ మందులు నిర్లక్ష్యం చేసే నిమిత్తం ఇచ్చినవి, నిర్లక్ష్యం జరగలేదు కాబట్టి వాపసు. వాడిన కాల్షియం సీసాల గురించి వ్యాను మనిషి అడిగాడు. వాడేశామని చెబితే ఇలాంటి జవాబు ఇంతవరకు ఎక్కడా వినలేదన్నాడు. దాసు కుళాయి కట్టేసి, తలుపుకు తాళం వేశాడు.

శిక్షణ ఒక పెద్ద హాల్లో. కుర్చీలు వేసి ఉన్నాయి. మేం నలుగురం ముందు వరసలో కూర్చున్నాం. శిక్షకుడు రాలేదు. ఫ్యాను తిరగలేదు. మంచినీళ్ల డ్రమ్ములో నీళ్లు లేవు. మధ్యాహ్నం ఒకాయన తలుపు తీసి లోపలికి చూసి, మళ్లీ తలుపు వేసి వెళ్లిపోయాడు. ఏడీ గారు, డాక్టరు గారు పక్కపక్కన కూర్చుని అడ్డం తిరిగిన దూడల గురించి మాట్లాడుకున్నారు. ఏడీ గారు తన మొదటి ఉద్యోగంలో వానలో, లాంతరు వెలుగులో తీసిన కవల దూడల గురించి చెప్పారు. సాయంత్రం ఒక గుమాస్తా వచ్చి నలుగురికీ సర్టిఫికెట్లు ఇచ్చాడు.

“పరీక్ష పెట్టలేదే?” అన్నారు ఏడీ గారు.

“పొద్దున్నించీ జరిగింది అదేగదండీ,” అన్నాడు గుమాస్తా. “కాకపోతే చేసింది మేము. చూసి నేర్చుకున్నారు కాబట్టి పాసు.”

మా ఊళ్లో బస్సు దిగేసరికి ఇంకా వెలుతురుంది. స్టాపు దగ్గర తిరపతమ్మ స్టీలు క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. పొద్దున్నే ఆసుపత్రికి వచ్చి చూసిందట.

“తాళం ఏసుందేందమ్మాయ్?”

“పట్టించుకోకుండా ఉండటం నేర్చుకోవడానికి వెళ్లాం పెద్దమ్మా.”

“నేర్చుకున్నారా?”

“పాసయ్యాం.”

ఆమె క్యారేజీ మూత తీసింది. జున్ను. బెల్లం, మిరియాలు వేసి చేసింది, ఇంకా వెచ్చగానే ఉంది. డాక్టరు గారు నిలబడే ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. చుక్క మేత తింటోందా, దూడ పాలు తాగుతోందా అని అడిగారు. రెండో ముక్క తీసుకునేలోగా జేబులో ఫోను మోగింది. మూడు ఆసుపత్రుల మీద సమీక్ష. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని, జున్ను ముక్క అరచేతిలో అలాగే ఉంచుకుని, మెల్లగా ఆసుపత్రి వైపు నడిచారు.

ఆయన మలుపు తిరిగేదాకా తిరపతమ్మ చూసింది. తర్వాత క్యారేజీ నా చేతికిచ్చి, నా చెవి దగ్గరికి వచ్చింది.

“మా తోడికోడలి బర్రె కూడా సూడితో ఉందమ్మాయ్. మళ్లా ఆ పట్టించుకోని రోజు ఎప్పుడు పెడతారో కాస్త కనుక్కుని చెప్పు. ఆ రోజుకే ఈనేట్టు చూసుకుంటాం.”